దోసిట్లో పోస్తేనే ఔదార్యం

మా పెదమల్లిపురం మున్సిపాలిటీకి ఔదార్యంలో సున్నా మార్కులు వచ్చాయని తెలిసిన రోజు కమిషనర్ పరాంకుశం గారు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. క్యారియర్ విప్పకుండా ఇంటికి పంపేశారు. ఆయన భోజనం మానేశారంటే విషయం చిన్నది కాదని ఆఫీసంతా గ్రహించింది. పోయినేడు తుపానుకి ఊళ్లో స్తంభాలన్నీ ఒరిగిపోయినప్పుడు కూడా ఆయన పెరుగన్నం పూర్తయ్యాకే ఫోను ఎత్తారు.

నేను ఆ ఆఫీసులో పత్రికా ప్రకటనలు రాసే గుమస్తాను. కాలవలో పూడిక తీస్తే ‘మహాయజ్ఞం’ అనీ, తియ్యకపోతే ‘మహాయజ్ఞానికి సన్నాహాలు’ అనీ రాయడం నా ఉద్యోగం. అందుచేత ఈ వ్యవహారం మొదటినుంచీ నా కళ్ల ముందే నడిచింది.

రాజధానిలో ‘ప్రజాజీవన ఔదార్య మదింపు సంఘం’ అని ఒకటి కొత్తగా పుట్టింది. ఏ ఊరు ఎంత ఉదారమైనదో కొలిచి, అన్నిటికన్నా ఉదారమైన ఊరికి ‘ఉదార పట్టణం’ అనే బిరుదు ఇస్తుందట. ఆ ఊరి కమిషనర్‌ని, విదేశాల్లో ఔదార్యం ఎలా అమలవుతున్నదో చూసి రమ్మని విమానం ఎక్కిస్తుందట. ఈ రెండో సంగతి సర్క్యులర్ చివరి పేజీలో ఉంది. మా కమిషనర్ గారు సర్క్యులర్లు చివరి పేజీ నుంచే చదువుతారు.

సున్నా ఎందుకు వచ్చిందో సంఘం వారు వివరంగానే రాశారు. “తప్పక ఇవ్వవలసినది ఇచ్చుట విధి యగును. విధికి మార్కులు లేవు. ఇవ్వనక్కరలేనిది ఇచ్చినప్పుడు, పుచ్చుకొనువాని ముఖమున కృతజ్ఞత ఛాయాచిత్రమునందు స్పష్టముగా కనబడినప్పుడు మాత్రమే అది ఔదార్యముగా పరిగణింపబడును.”

మేమేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వేసవి రాగానే మార్కెట్ దగ్గర తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టాం. కొత్త కుండలకి తడిగుడ్డలు చుట్టాం. చైర్మన్ దాలినాయుడు గారు రిబ్బను కత్తిరించారు. మొదటిరోజు మజ్జిగ పోస్తే జనం తోసుకుంటూ వచ్చారు. రెండోరోజు మంచినీళ్లు పోస్తే ఒక్కడూ రాలేదు. ఎందుకొస్తాడు? ఇంట్లో కొళాయి ఉంది. ఫొటోగ్రాఫరు పొద్దున్నించి కాచుకు కూర్చుంటే, ఎండ మండిపోయే వేళకి ఒక గేదె వచ్చి కుండలో మూతి పెట్టింది. ఆ ఫొటోయే పంపాం. ‘లబ్ధిదారు ముఖమున కృతజ్ఞత అస్పష్టము’ అని తిరుగు టపాలో వచ్చింది.

సున్నా వచ్చిన మర్నాడు కమిషనర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు.

“మన పరాజయానికి మూలకారణం ఏమిటి?” అని అడిగారు.

“ఈసారి ఎండలు సరిగా కాయలేదండి” అన్నాడు వాటర్ వర్క్స్ ఇంజినీరు.

“కాదు! కొళాయి!” అని కమిషనర్ గారు బల్ల గుద్దారు. “ప్రతి ఉదయం ప్రతి వీధికీ నీరు వస్తున్నది. జనం బిందె పెడుతున్నారు, నింపుకుంటున్నారు, లోపలికి వెళ్లిపోతున్నారు. ఒక్కడైనా మనకు నమస్కరించాడా? ఒక్కడి కంట అయినా ఆనందబాష్పం రాలిందా? అడగకముందే ఇచ్చేస్తున్నాం. ఇక ఔదార్యం చూపడానికి ఈ పట్టణంలో అవకాశం ఏదీ?”

చైర్మన్ దాలినాయుడు గారికి సూటిగా మాట్లాడడం తప్ప వేరే రాదు. “అయితే ఇప్పుడేటంతారు? కొళాయిలు కట్టీమంతారేటి?” అన్నారు.

“కట్టమనడం లేదండి. ఔదార్య అవకాశ కల్పనార్థం కొళాయిలకు తాత్కాలిక విశ్రాంతి ప్రసాదిద్దాం అంటున్నాను.”

ఆ మాట నాకు బాగా నచ్చి వెంటనే రాసుకున్నాను. మర్నాడు పేపర్లో ‘ఏళ్ల తరబడి శ్రమించిన కొళాయిలకు విశ్రాంతి’ అని వచ్చింది. అది చదివి మెచ్చుకుంటుండగానే మా ఆవిడ వంటింట్లోంచి ఖాళీ బిందె పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం కన్నా తిట్టడమే నయం.

వారం తిరక్కుండా వీధి వీధికీ చలివేంద్రం వెలిసింది. దాతలకు కరువే లేదు. బియ్యం వ్యాపారి ఒకటి, బంగారం కొట్టాయన ఒకటి, కుల సంఘాలు తలా ఒకటి. నీళ్లు మాత్రం మున్సిపాలిటీవే. కొళాయిల్లోకి వెళ్లవలసిన నీరే ట్యాంకరెక్కి కుండల్లోకి వెళ్లేది. బ్యానరు మాత్రం దాతది.

అప్పుడు తెలిసింది నాకు, ఔదార్యం అంటే ఒక్కొక్కరికీ ఒక్కొక్కటని. చైర్మన్ గారి దృష్టిలో, ఇతరులు చేసిన దానం మీద తన ఫొటో వెయ్యడానికి ఒప్పుకోవడం ఔదార్యం. ఇంజినీరు దృష్టిలో కాంట్రాక్టరు పనిని తరచి చూడకపోవడం. ప్రతిపక్ష నాయకుడు చలివేంద్రాలు దండగని విమర్శించి, అయినా పెద్దమనసుతో రెండు తానే ప్రారంభించాడు. పదో వార్డు కౌన్సిలరయితే, నీళ్లేవని తనని నిలదీసిన ముసలమ్మని సభాముఖంగా క్షమించి, ఆ క్షమాభిక్షకి మార్కులు వెయ్యమని అర్జీ పెట్టాడు. నేను వీటన్నిటికీ విశేషణాలు వెతుక్కుంటూ తలమునకలయ్యాను.

ఇదంతా బాగా సాగుతుండగా మా వీధి నూకరత్నం వచ్చి మొదటి చిక్కు తెచ్చిపెట్టింది.

నూకరత్నానికి మా వీధి మొగలో ఇడ్లీ బండి ఉంది. ఆ బండి మీదే ఆమె, ఆమె అత్త, చదువుకుంటున్న కూతురు బతుకుతున్నారు. పప్పు నానబెట్టడానికి నీళ్లు, రుబ్బడానికి నీళ్లు, ఆవిరికి నీళ్లు, ప్లేట్లు కడగడానికి నీళ్లు. నీళ్లు లేకపోతే ఆ బండికి చక్రాలు తప్ప మరేమీ మిగలవు. ఆమె గుమ్మం ముందున్న కొళాయికి గొట్టం వేసినప్పుడు మున్సిపాలిటీ కూలీలు రాకపోతే, తనే పలుగు పట్టుకుని గాడి తవ్వుకుంది.

ఆమె పెద్ద బిందె చంకన పెట్టుకుని మా వీధి చలివేంద్రానికి వచ్చింది. దాత తెల్లచొక్కా వేసుకుని గరిటె పట్టుకుని ఉన్నాడు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. తనిఖీకి వచ్చిన కమిషనర్ గారు, ఆయన వెనక నేను.

“ఈ బిందిడు పోయండి బావూ, పప్పు నానెట్టాల” అంది నూకరత్నం.

దాత పొయ్యబోయాడు. కమిషనర్ గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

“ఆగండి! బిందె అడ్డం వచ్చి ఆమె ముఖం కనబడడం లేదు. పైగా బిందెలో నీరు పోస్తే దాన్ని ఏమంటారు? సరఫరా అంటారు! సరఫరాకి మార్కులు లేవు. అమ్మా, బిందె పక్కన పెట్టి దోసిలి పట్టండి.”

“దోసిట్లో పప్పు నానెట్టుకోమంతారేటి బావూ?”

“తాగండి. తాగి, దాత వంక చూడండి. తృప్తిగా చూడండి.”

ఆ సాయంత్రమే ‘దోసిలి నిబంధన’ వెలువడింది. “చలివేంద్రములయందు నీరు లబ్ధిదారుల దోసిలియందే పోయవలెను. పాత్రలయందు పోసిన నీరు సరఫరాగా పరిగణింపబడి, సంబంధిత దాత యొక్క ఔదార్యము రద్దగును.”

మర్నాడు పొద్దున్న మా వీధిలో నేను చూసింది ఎవరికి చెప్పినా నమ్మరు. నూకరత్నం దోసిట్లో నీళ్లు పోయించుకుంది. తాగలేదు. దోసిలి అలాగే పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఇంటికి నడిచి, బిందెలో ఒంపి, మళ్లీ వచ్చి వరసలో నిలబడింది. ఆమెని చూసి వీధి వీధంతా అదే పట్టింది. ఆడామగా దోసిళ్లు పట్టుకుని, వాటివంకే చూసుకుంటూ, మాట్లాడకుండా అటూ ఇటూ నడుస్తున్నారు. కొత్తగా ఊళ్లోకొచ్చిన బస్సు డ్రైవరు ఏదో మొక్కు తీరుస్తున్నారనుకుని బస్సాపి దణ్ణం పెట్టాడు. మా ఆవిడ కూడా ఆ వరసలో ఉంది. నా పక్కనించి వెళుతూ, “తప్పుకోండి, ఒలికిపోతాయి” అంది. ఖాళీ బిందె నా ముందు పెట్టిన రోజు తరవాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఈ నడకని కమిషనర్ గారు సహించలేకపోయారు. నూకరత్నానికి ‘దోసిలి దుర్వినియోగం’ కింద నోటీసు వెళ్లింది. ఇచ్చిన చోటే తాగాలనీ, ఇంటికి తీసుకుపోతే దాత మనసు నొచ్చుకుంటుందనీ అందులో రాశాం. ఆమె దాన్ని నాచేతే చదివించుకుంది.

“పొద్దుట్నించి సందెల దాకా నడిసినా బిందిలో సగం నిండనేదు. ఇప్పుడు అదీ ఒద్దంతారు. మరి బండెలాగ నడపాల బావూ? నాలుగు రోజులు మూసేస్తే నా గిరాకీ అంతా అవతలి ఈదికి పోద్ది. బండి అమ్ముకోమని కూడా రాసినారేటి అందులో?”

లేదన్నాను. ఆ రోజునించి ఆమె తెల్లవారకముందే రైలుగేటు దాటి, ఎవరి పొలంలోనో బోరు దగ్గర బతిమాలుకుని ఒక్క బిందె తెచ్చుకునేది. దాంతోనే బండి ఎలాగో ఈడ్చుకొచ్చింది. ఇడ్లీలు సగమయ్యాయి. ప్లేట్ల బదులు ఆకులు వచ్చాయి. ఆమెని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో తెలియక వెళ్లి ప్రకటనలు రాసుకునేవాణ్ణి.

మార్కులు మాత్రం పెరిగాయి. అది చూసి తక్కిన విభాగాలకీ హుషారొచ్చింది. రోడ్ల విభాగం గుంతలు పూడ్చడం ఆపేసి, ప్రతి గుంత పక్కనా ‘చేయూత దళం’ నిలబెట్టింది. పడ్డవాణ్ణి పైకి లాగి, దుమ్ము దులిపి, ఫొటో తీసి పంపేవారు. పడకుండా తప్పించుకుపోయేవాళ్లని నాగరికత లేనివాళ్లుగా చూసేవారు. వీధి దీపాలు ఆర్పేసి, కౌన్సిలర్లే లాంతరు పట్టుకుని జనాన్ని ఇళ్లకి దిగబెట్టే పథకం వచ్చింది. లాంతరు పట్టుకున్న ఆరో వార్డు కౌన్సిలరు తనే గుంతలో పడ్డాడు. పైకి లాగిన చేయూత దళానికా, దారి చూపిన కౌన్సిలరుకా, మార్కులు ఎవరికి వెయ్యాలని మా ఆఫీసులో పెద్ద తగువైంది.

చివరికి సంఘం వారు స్వయంగా వచ్చి చూస్తామని కబురు పెట్టారు. అధ్యక్షులు ఆచార్య వేదగిరి గారు. ఔదార్యం మీద లావుపాటి పుస్తకాలు రాసిన పెద్దమనిషి. ఆయన కోసం మా వీధి మొగలోనే సరికొత్త చలివేంద్రం కట్టారు. రంగు కాగితాలు, కుండలకి పూలదండలు, అంచులదాకా చల్లటి నీళ్లు, ముందు ఎర్ర రిబ్బను. రోడ్డుకి అవతల నూకరత్నం బండి. దాన్ని అక్కణ్ణించి తీయించెయ్యమని ఇంజినీరు అంటే, వెనకాల బీదరికం కనబడితే ఔదార్యం బాగా ఎత్తుగా కనిపిస్తుందని కమిషనర్ గారు ఉండనిచ్చారు.

రిబ్బను కత్తిరించవలసింది ఎమ్మెల్యే గారు. వారి కారు రైలుగేటు దగ్గర ఆగిపోయిందని ఫోనొచ్చింది. గూడ్సు బండి పోతోందట. నడినెత్తిన ఎండ. ఈలోపు అతిథికి మర్యాద చెయ్యాలి కదా. చైర్మన్ దాలినాయుడు గారు పళ్లెంతో సున్నుండలు తెప్పించారు.

“మా ఇంటోలు సేసినారండి. ఒక్కటి ఏసుకోండి” అని ఆయనే స్వయంగా వేదగిరి గారి నోట్లో పెట్టారు. సున్నుండ పెద్దది. చైర్మన్ గారి ప్రేమ ఇంకా పెద్దది. మొత్తం ఒకేసారి పెట్టేశారు.

వేదగిరి గారు రెండుసార్లు నమిలారు. ఆ తరవాత ఆగిపోయారు. కళ్లు పెద్దవయ్యాయి. గొంతు పట్టుకున్నారు. రెండో చేత్తో కుండల వైపు చూపించారు.

దాత గరిటె ముంచాడు.

“ఆగండి!” అన్నారు కమిషనర్ గారు. “ఇంకా ప్రారంభోత్సవం జరగలేదు. జరగకముందు ఇస్తే అది సరఫరా అవుతుంది. అధ్యక్షుల వారి సమక్షంలోనే, అధ్యక్షుల వారికే, నిబంధన ఉల్లంఘిస్తామా? అయ్యా, తమరే రాసిన నిబంధన. పదకొండో పేజీ.”

వేదగిరి గారు ఏదో అనబోయారు. పిండి తప్ప మాట రాలేదు. ముఖం వంకాయ రంగుకి తిరిగింది.

“గేటు ఎత్తారట!” అని అరిచాడు ఇంజినీరు ఫోను చెవిని పెట్టుకుని. “ఓర్చుకోండి సార్, కారు బయల్దేరింది!”

ఫొటోగ్రాఫరు కారు వచ్చే దారిలోకి పరిగెత్తాడు. అందరూ అటే చూశారు. దాత గరిటె అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. నాకు రిబ్బను కనిపిస్తోంది, నీళ్లు కనిపిస్తున్నాయి, మనిషి పోతున్నాడనీ కనిపిస్తోంది. అయినా కాలు కదల్లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నిబంధన పుట్టాకే కాలు కదపడం అలవాటైపోయింది.

నూకరత్నం రోడ్డు దాటి వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. ఆ చెంబులో ఉన్నవి ఆ రోజుకి ఆమెకి మిగిలిన నీళ్లు, ఆఖరి వాయి ఇడ్లీలకి ఆవిరి పట్టడానికి దాచుకున్నవి. “ఓలమ్మో, సచ్చిపోతాడు, తప్పుకోండ్రా!” అని కమిషనర్ గారిని భుజంతో పక్కకి నెట్టి, వేదగిరి గారి తల పట్టుకుని చెంబు నోటికెత్తింది. వీపు మీద గట్టిగా రెండు చరిచింది. సున్నుండ కిందికి దిగింది. ఆయన చెంబు వదలకుండా ఆఖరి చుక్క దాకా తాగారు.

అప్పుడు ఎమ్మెల్యే గారి కారు వచ్చింది. అవతల బండి మీద పాత్ర నీళ్లింకిపోయి, మాడు వాసన కొడుతోంది.

వేదగిరి గారు తేరుకుని, కళ్లు తుడుచుకుని, ఇదే అసలైన ఔదార్యమని గద్గదంగా ప్రకటించారు. తన పుస్తకాల్లో ఇలాంటిది రాయలేకపోయానన్నారు. కమిషనర్ గారు క్షణం కూడా వృథా చెయ్యలేదు. “లబ్ధిదారులే దాతలుగా ఎదిగిన పట్టణమండి మాది. ఇది మా శిక్షణ” అన్నారు. అక్కడికక్కడే ‘ఉదార పట్టణం’ మాకు ఖాయమైంది. ఒక్కటే లోపం, ఫొటో లేదు. నూకరత్నాన్ని ఇంకోసారి తాగించమన్నారు.

“నీల్లేవండీ?” అందామె ఖాళీ చెంబు తిరగేసి.

తప్పనిసరై, కమిషనర్ గారు ఇటూ అటూ చూసి, ఆ చెంబుని కుండలో ముంచి ఇచ్చారు. కొళాయిలు కట్టేశాక మా మున్సిపాలిటీ నింపిన మొదటి పాత్ర అదే. ఆ సంగతి ప్రకటనలో రాయవద్దని నాకు సైగ చేశారు.

ఆదివారం సన్మానసభ. నూకరత్నానికి పట్టుశాలువా కప్పి, ‘ఉదార శిరోమణి’ అన్నారు. దండల బరువుకి ఆమె మెడ వంగిపోయింది. ఎమ్మెల్యే గారు మైకు ఆమె ముందు పెట్టి, “ఏం కావాలో కోరుకో తల్లీ. ఈ ప్రభుత్వానిది పెద్ద చెయ్యి” అన్నారు.

“నాకేటీ ఒద్దు బావూ. మా కొళాయి ఇప్పండి, సాలు.”

కొళాయి విప్పితే అది విధి. విధికి మార్కులు లేవు. బిరుదు పోతుంది. విమానం పోతుంది. కమిషనర్ గారి నుదుట చెమట నాకు మూడో వరసలోంచి కనబడింది. కాని ఆయన సామాన్యుడు కాదు. ఎమ్మెల్యే గారి చెవిలో ఏదో చెప్పారు. ఎమ్మెల్యే గారి ముఖం వికసించింది.

“నూకరత్నమ్మకి ఒక కొళాయి దానం చేస్తున్నాం!” అన్నారు. చప్పట్లు మిన్నంటాయి.

అలా ఆమె కొళాయే ఆమెకి దానం వచ్చింది. ఆమె తవ్వుకున్న గాడి, ఆమె గుమ్మం. పక్కన కొత్తగా దాత పేరుతో నల్లరాతి పలక. మూడోనాడు ఆమెకి మళ్లీ ఆ శాలువా కప్పించి, రిబ్బను కత్తిరించాక ఎమ్మెల్యే గారు మర తిప్పి వెళ్లిపోయారు. నీళ్లు మొదట ఎర్రగా, బుసలు కొడుతూ వచ్చాయి. నూకరత్నం భుజం మీది పట్టుశాలువా తీసి, పంటితో అంచు పట్టి ఇంత ముక్క చింపి, వడగట్టడానికి కొళాయి మూతికి కట్టింది. అలాంటి శాలువాలు కొన్ని వందలు చూశాను గాని, పనికొచ్చినది అదొక్కటే.

వెనక్కి తిరిగి వీధిని కేకేసింది. “రండర్రా, బిందిలట్టుకు రండి! నీల్లొచ్చినాయి!”

కమిషనర్ గారు అడ్డం వచ్చారు. “అమ్మా, అమ్మా! మీరిప్పుడు ఉదార శిరోమణి. మీరు ఇవ్వవచ్చు, తప్పకుండా ఇవ్వాలి. కాని దోసిట్లో పొయ్యండి. బిందెల్లో పోస్తే సరఫరా అయిపోతుంది!”

“అయిపోనీండి బావూ” అంది నూకరత్నం, మొదటి బిందె కొళాయి కింద పెడుతూ.

ఆయన నావైపు తిరిగి, దీన్ని ఎలా రాస్తావన్నారు. నేను రాయనన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని తెలియడానికి నాకే కాసేపు పట్టింది. ఆయన కారెక్కి వెళ్లిపోయారు. నేను వెళ్లి వరసలో చివర, మా ఆవిడ వెనకాల నిలబడ్డాను. బిందె ఆవిడ దగ్గర ఉంది. అది నిండాక చంకనెత్తుకుని పక్కకి జరిగింది. నా వంతు వచ్చింది. ముందుకెళ్లి వంగాను.

నూకరత్నం నావంక చూసి పకపకా నవ్వింది. వెనకున్నవాళ్లూ నవ్వారు. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. కిందకి చూసుకుంటే, నా చేతులు రెండూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టి ఉన్నాను. మొహం మీద కృతజ్ఞత కూడా స్పష్టంగానే ఉండి ఉంటుంది.

“సేతులు దించండి బావూ” అంది నూకరత్నం. “ఇంటికెల్లి ఇంకో బిందట్టుకు రండి.”